తండ్రి యుండియు దిక్కులేని విద్యార్థి



చదువుకై ఇల్లు విడిచి పరాయి యూరు చేరిన పిల్లవానిని జనులు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎవరి పిల్లవాడవు నాయనా?" అనునది. ఒకప్పుడు ఈ ప్రశ్నను అన్నము పెట్టబోవు ఇల్లాలు అడిగెడిది. నేడు దరఖాస్తు కాగితము అడుగుచున్నది. ప్రశ్న మారలేదు గాని, దానికి చెప్పు జవాబు వలన కలుగు ఫలము మారినది. కన్నవారి ఆధారము లేక తన చదువు తానే చూచుకొనవలసిన విద్యార్థిని మన కడప కర్నూలు జిల్లాలలో లోకము ఎట్లు గుర్తించుచు వచ్చినదో, ఎచ్చట గుర్తింపక విడిచినదో, ఈ దినము కొంత ముచ్చటింపదలచినాను.

1800 సంవత్సరమున నిజాము కుంఫిణీవారికి దత్తము చేసిన జిల్లాలు గనుక మన సీమకు దత్తమండలమను పేరు వచ్చినది. దానికి మొదటి ప్రధాన కలెక్టరు తామస్ మన్రో. ఆయనయే తరువాత చెన్నపట్టణమున గవర్నరై, జిల్లాకు బడులెన్ని, పిల్లలెందరు, వారేమి చదువుచున్నారు అను లెక్కలు పంపవలసినదని 1822 జూను 25వ తేదీన వ్రాసెను. కలెక్టరులలో కొందరు పట్టికలు నింపి పంపి అంతటితో ఊరకుండిరి. కడప కలెక్టరు మాత్రము 1825 ఫిబ్రవరి 11వ తేదీన రెవిన్యూ బోర్డునకు పంపిన జాబులో, పట్టికలో ఇముడని సంగతి యొకటి చేర్చెను. అప్పటికి కర్నూలు పట్టణము నవాబుల యేలుబడిలోనే యున్నది. 1839లో గాని కుంఫిణీవారి చేతికి రాలేదు. అయినను కంభము, కోయిలకుంట్ల మొదలగు తాలూకాలు ఆనాడు కడప జిల్లాలోనివే గనుక, ఆ జాబు మన ఉభయ జిల్లాలకును చెందినదే యనవచ్చును.

ఆ కలెక్టరు వ్రాసిన సంగతి ఇది. స్వగ్రామమున చదువు చెప్పించుకొను శక్తి లేని బ్రాహ్మణ బాలుడు పది మొదలు పదునారేండ్ల ప్రాయములో ఇల్లు విడిచి, పది మైళ్లో నూరు మైళ్లో నడచి, ఉచితముగా పాఠము చెప్పు గురువున్న యూరు చేరును. కొన్నేండ్లవరకు తిరిగి ఇంటికి పోవు తలంపు వానికి లేదు. గురువు పాఠము చెప్పునే గాని అన్నము పెట్టడు. ఆయనయు పేదవాడే. ఒకవేళ కలిగినవాడైనను, అన్నము కూడ పెట్టెనేని శిష్యులు తండోపతండములుగా వచ్చిపడి అసలు పనియే చెడిపోవునని కలెక్టరు చమత్కారముగా గమనించినాడు. మరి ఈ పిల్లలు బ్రతుకుట యెట్లని బోర్డువారు అడుగుదురని తానే ఊహించి, జవాబును తానే చెప్పినాడు: ఆ యూరి బ్రాహ్మణ గృహస్థులు ప్రతిదినము తమ గుమ్మములయందు పెట్టు భిక్షవలననే. దానిని వారు సంతోషముతో, చాటింపు లేక చేయుచున్నారనియు, సర్కారు కొంచెము చేయూత నిచ్చినచో ఈ యాచారము ఇంకను బాగుగా ఫలించుననియు ఆయన ముగించెను.

మధుకరమని మన పెద్దలు పిలిచినది దీనినే. ఇందు నాకు ముఖ్యముగా కనబడునది ఒకటి కలదు. భిక్ష పెట్టిన ఇల్లాలు పిల్లవాని ఇంటిపేరు, గోత్రము, గురువుపేరు అడిగియుండును. వాని తండ్రికి ఎన్ని ఎకరముల మాన్యమున్నదో అడిగినట్లు మాత్రము ఆ జాబులో లేదు. నూరు మైళ్లు నడచి వచ్చి, ముఖమెరుగని యూరిలో జోలె పట్టుకొని నిలుచుటయే వాని అవసరమునకు సాక్ష్యము. ఇంట కలిగినవాడు ఆ పనికి రాడు. ఇంట కలిమి యుండియు తండ్రి పొమ్మన్నవాడు వచ్చెనా, వానికిని ఆ ముద్ద దొరకెడిది. ఇంటి సంగతి ఏదైనను, ఎదుట నిలిచినవాడు ఆకలిగొన్న విద్యార్థి యనుటయే అచ్చట లెక్క.

అంతమాత్రమున ఆ కాలమంతయు ధర్మమయమని పొగడుటకు నాకు మనసొప్పదు. ఆ గుమ్మములు ఒక్క జాతి పిల్లలకే తెరచియుండినవి. మాలమాదిగల బిడ్డ నూరు మైళ్లు నడచినను వానికి గురువును లేడు, ముద్దయు లేదు. ఆడపిల్ల మాట తలచినవారే లేరు. బ్రౌను దొర కడపలో ఉద్యోగము చేయుచు 1821లో రెండు ఉచిత పాఠశాలలు పెట్టెను. అది గొప్ప పనియే. కాని జీతము లేని బడి వేరు, కూడు దొరకు బడి వేరు. మన్రో గవర్నరు 1826 మార్చిలో సిద్ధపరచిన పథకములోను జిల్లాకు రెండు పెద్ద బడులు, తహశీలుకొక బడి, ఉపాధ్యాయులకు నెలకు పదునైదు రూపాయలు, తొమ్మిది రూపాయలు అను ఏర్పాటులున్నవి. పొరుగూరినుండి వచ్చిన పిల్లవాని అన్నము సంగతి లేదు. మరుసటి యేడు జూలైలో ఆయన మన పత్తికొండలోనే కలరా తగిలి చనిపోయెను.

తరువాత పట్టణములలో ఇంగ్లీషు పాఠశాలలు వచ్చినపుడు మధుకరము వారముగా మారినది. ఆదివారము ఒకరింట, సోమవారము వేరొకరింట, ఇట్లు ఏడిండ్లు కుదుర్చుకొన్నవాడు చదువు సాగించుకొనెడివాడు. ఆరిండ్లే కుదిరినవాడు ఏడవనాడు మంచినీళ్లు త్రాగెడివాడు. ఏకాదశి వ్రతము పట్టు ఇంట వారము దొరకినవానికి ఉపవాస పుణ్యము కూడ ఉచితముగనే లభించెడిది. ఈ మాట విని నవ్వుకొను పెద్దలలో కొందరికి ఆ యేడిండ్ల పేర్లు నేటికిని కంఠస్థముగ నుండవచ్చును.

ఈ యేర్పాటులోని బలహీనత కరవునాడు బయటపడెను. 1876 మొదలు 1878 వరకు పీడించిన ధాతనామ సంవత్సరపు కరవులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు నలిగిపోయినవి. గృహస్థులకే గంజి లేనినాడు వారము పెట్టువారెవరు? ఊరు చల్లగా నున్నంతవరకే ఊరి దయ. వాన లేని సీమలో ఇది చిన్న మాట కాదు. అందుచేత ఊరి దయను మించిన ఆధారమొకటి, వానతో పనిలేనిది, కావలసి వచ్చెను. అదియే సర్కారు ఖజానా.

ఖజానా తలుపు మెల్లగా తెరచుకొనెను. 1920లో చెన్నరాజధానియందు లేబరు కమీషనరునకు అణగారిన జాతుల సంరక్షణ అప్పగింపబడిన పిమ్మట, ఊరి గుమ్మములు మూసికొన్న పిల్లలకు వసతిగృహములు, విద్యార్థి వేతనములు ఏర్పడసాగెను. 1944లో భారత ప్రభుత్వము షెడ్యూల్డు కులముల విద్యార్థులకు ఉన్నత పాఠశాల దాటిన చదువులకై వేతనములు నియమించెను. ఇది మధుకరము వలె ఒక్క జాతికి పుణ్యముగా పెట్టు ముద్ద గాక, చెల్లించుకొనదగిన హక్కుగా క్రమముగా మారినది. 2008లో ఆంధ్రప్రదేశమున వచ్చిన ఫీజు చెల్లింపు పథకముతో వెనుకబడిన తరగతుల బిడ్డలకును ఇంజనీరింగు, వైద్య కళాశాలల దారి తెరచుకొనెను. ఎన్నడును కళాశాల మొగము చూడని ఇండ్లనుండి పట్టభద్రులు వచ్చిరి. ఈ మేలు ఏడిండ్ల వారము నూరేండ్లు నడచినను చేయజాలదని నా నమ్మకము.

కర్నూలునకు సమీపమున పెద్దపాడు గ్రామములో 1921లో పుట్టిన దామోదరము సంజీవయ్యగారి మాట ఇచ్చట తలపకుండ నుండరాదు. ఆయన పొత్తిళ్లలో నుండగనే తండ్రి గతించెను. ఇంట సెంటు భూమి లేదు. తల్లియు బంధువులును పెంచగా కర్నూలులో చదివి, అనంతపురపు దత్తమండల కళాశాలలో పట్టము పొంది, చెన్నపట్టణమున న్యాయశాస్త్రము ముగించి, 1960లో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి యయ్యెను. ఆయన చరిత్ర చదివినప్పుడెల్ల నాకొక ఊహ కలుగును. ఆయన తండ్రి లేనివాడనుట ఊరందరు ఎరిగిన సంగతి. దానికి సందేహము లేదు. తండ్రి బ్రతికియుండి, పది ఎకరముల పట్టా గలిగియుండి, బిడ్డను తలుపు బయట నిలిపియుండెనేని?

ఈ చిక్కు తెలియవలెనన్న నిబంధన చూడవలెను. షెడ్యూల్డు కులముల విద్యార్థి వేతనపు నియమము ఇట్లున్నది: తల్లిదండ్రులలో ఒక్కరు బ్రతికియున్నను వారి ఆదాయమే లెక్కకు వచ్చును. అన్నదమ్ములు సంపాదించుచున్నను వారి సంపాదన లెక్కకు రాదు. ఉద్యోగము లేని వివాహిత యైనచో భర్త ఆదాయము చూతురు. ఇద్దరును గతించినచో, చదివించుచున్న సంరక్షకుని ఆదాయము చూతురు. సంపాదించు తండ్రియో తల్లియో నడుమ మరణించినందున ఆదాయము పరిమితిలోనికి దిగినచో, ఆ నెలనుండియే బిడ్డకు అర్హత కలుగును. ఈ చివరి యేర్పాటు వ్రాసినవారికి బిడ్డలు గలవారి హృదయమున్నదని నేననుకొందును.

చావునకు నియమమున్నది. విడనాడుటకు లేదు. తండ్రి రెండవ సంసారము పెట్టుకొని వేరూరిలో నున్నను, త్రాగి బిడ్డను వెళ్లగొట్టినను, చదువు మాని పెండ్లికి ఒప్పుకొమ్మనగా ఒప్పుకొనని బిడ్డను ఇంటికి రావద్దన్నను, కాగితముమీద ఆయన ఆదాయము ఆ బిడ్డ ఆదాయమే. ఆడపిల్ల యైనచో తండ్రి గడినుండి భర్త గడికి మారును. తన గడి యనునది ఆమెకు లేదు.

దీనితోపాటు చట్టములో ఇంకొక విచిత్రమున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ప్రకారము తండ్రి కుమారుని పోషింపవలసినది వానికి మైనారిటీ తీరువరకే, అనగా పదునెనిమిదేండ్లవరకే. పెండ్లికాని కుమార్తెకు, తన్ను తాను పోషించుకొనలేనిచో, హక్కు ఆపైనను కలదు. కుమారుని విషయమున పదునెనిమిది దాటిన మరునాడు ఒక చట్టము తండ్రితో "నీవు వీనికి అన్నము పెట్టనక్కరలేదు" అనును. వేతనపు కాగితము అదే కుమారునితో "నీ తండ్రికి కలదు, పొమ్ము" అనును. రెండు మాటలును సర్కారువే. కళాశాల చదువు మొదలగునది సరిగా ఆ ప్రాయముననే. బాలల వసతిగృహములలో పెరిగినవారిని పదునెనిమిదేండ్లకు బయటికి పంపినంతనే వారు తమ కాళ్లపై నిలువలేరని 2015 నాటి బాలల న్యాయచట్టము గ్రహించి, ఇరువదియొక్క యేండ్లవరకు ఆదరణ చూపవచ్చునన్నది. ఇంటినుండి వెళ్లగొట్టబడినవానికి ఆ పాటి ఊరటయు లేదు.

మెట్టసీమలో భూమి లెక్కయు చిత్రముగనే యుండును. 2019 తరువాతి ఫీజు పథకములో మాగాణి పది ఎకరములు, మెట్ట యిరువదియైదు ఎకరములు దాటరాదను హద్దు పెట్టిరి. మెట్టకు ఎక్కువ విడిచిపెట్టుట న్యాయమే. అయినను పత్తికొండ ప్రాంతమున వేరుశనగ విత్తి వాన కొరకు ఆకాశము చూచువానికి, ఎకరములెన్ని యున్నను ఏటి ఆదాయము ఎంతయని ఏ తహశీలుదారు చెప్పగలడు? ఆ యెకరములును బిడ్డను చదివింపని తండ్రి పేరనే యున్నచో, వానివలన బిడ్డకు పంట లేదు సరికదా, అర్హత కూడ పోవును.

మన కడప కర్నూలు కుటుంబములు పలువురు ఇప్పుడు అమెరికాలో కాపురమున్నారు గనుక అక్కడి పద్ధతియు ఒక్కమాట చెప్పెదను. ఆ దేశమున విద్యార్థిని తల్లిదండ్రులపై ఆధారపడినవాడు, స్వతంత్రుడు అని రెండు తెగలుగా విభజింతురు. ఇరువదినాలుగేండ్లు నిండినవాడు, పెండ్లియైనవాడు, సైన్యములో పనిచేసినవాడు, తానే బిడ్డను పోషించుచున్నవాడు, తల్లిదండ్రులిద్దరును లేనివాడు, న్యాయస్థానము సంరక్షకుని నియమించినవాడు, నిలువ నీడ లేనివాడు స్వతంత్రులు. వారి విషయమున తల్లిదండ్రుల ఆదాయము అడుగరు. తండ్రి "నేను ఇయ్యను" అన్నంతమాత్రమున మాత్రము అచ్చటను స్వతంత్రుడు కాడు. అట్టివానికి వడ్డీతో కూడిన అప్పు తప్ప దొరకునది స్వల్పము. ఈ కఠినత్వమునకు కారణమున్నది. ఇయ్యననుటయే చాలునన్నచో, కలిగిన తండ్రులందరును ఆ మాటయే అందురు. మన కడప కలెక్టరు అన్నము పెట్టు గురువును గూర్చి శంకించినది ఇట్టిదే గదా! కాని హింసకు, విడనాడుటకు గురియైన విద్యార్థిని విచారించి స్వతంత్రునిగా నెంచు అధికారము కళాశాల యుద్యోగికి చట్టమే యిచ్చినది. అతడు ఉపాధ్యాయుని, ధర్మసంస్థవారిని, ఆ బిడ్డ సంగతి తెలిసిన పెద్దమనుష్యుని జాబులు సాక్ష్యముగా గైకొనును.

మనకు అట్టి గడి లేకున్నను విచారణ యనునది ఉన్నది. 1984లో కరణము మునసబు పదవులు రద్దగువరకు ఎవరి యింట ఏమున్నదో చెప్పువారు వారే. వారిలో పక్షపాతులు లేకపోలేదు. ఇప్పుడు దరఖాస్తు 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయమునుండి బయలుదేరి, రెవిన్యూ ఉద్యోగి విచారణ పిమ్మట, తహశీలుదారు సంతకముతో ధ్రువపత్రమగును. విచారణకు వచ్చిన ఉద్యోగి యువకుడు, పొరుగు మండలమువాడు. పట్టా పుస్తకము చూచును, రేషను కార్డు చూచును, రచ్చబండ దగ్గర ఒకరిద్దరిని అడుగును. ఆ యొకరిద్దరు సాధారణముగా మీవంటి పెద్దలే. బిడ్డ ఏ యింట నిద్రించుచున్నాడు, ఫీజు ఎవరు కట్టినారు, తండ్రి ఎన్నేండ్లనుండి ఆ గడప త్రొక్కలేదు అను మూడు సంగతులు ఏ పట్టా పుస్తకములోను ఉండవు. అవి వ్రాతమూలకముగా, సంతకముతో, తేదీతో ఇచ్చినయెడల తహశీలుదారు వానిని ఫైలులో చేర్చి పైయధికారికి నివేదింపవచ్చును. నోటిమాటగా చెప్పినయెడల ఆ యుద్యోగి బండి యెక్కులోపలనే అవి గాలిలో కలిసిపోవును.