పాలకూర నుంచి మారుతాళంచెవి దాకా

లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1928లో బొంబాయి చేరారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకు కడుపుతో ఉండగా రక్తం ఇంకిపోయినట్టు మొహం పాలిపోయేది. మామూలు రక్తహీనత కాదది. ఎర్రకణాలు తక్కువగా ఉండేవి, ఉన్నవి పెద్దగా ఉబ్బి ఉండేవి. సూక్ష్మక్రిముల పనేమోనని విల్స్ మొదట వెతికారు, దొరకలేదు. చివరికి చూపు ఆ తల్లుల కంచాల మీదకు మళ్లింది. కూరలు, పళ్లు అంతంతమాత్రం. ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే నల్లటి ముద్ద బ్రిటన్‌లో రొట్టెకు పూసుకునే చవక సరుకు. అది తినిపిస్తే ఆ తల్లులు కోలుకున్నారు. 1931లో విల్స్ ఈ సంగతి ప్రచురించారు. అందులో పనిచేసిందేమిటో మాత్రం పదేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. అందాకా దాని పేరు ‘విల్స్ ఫ్యాక్టర్’.

1941లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు టన్నుల పాలకూరను వడకట్టి వడకట్టి దాన్ని బయటికి లాగారు. ఆకుకు లాటిన్‌లో ఫోలియం అంటారు. అలా అది ఫోలిక్ ఆమ్లమైంది.

టన్నుల కొద్దీ ఆకుకూరతో వైద్యం సాగదు కదా! ప్రయోగశాలలో తయారుచేయాలి. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆ పని 1945 నాటికి పూర్తిచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఈయనకు ఈ విషయం పుస్తకాల్లో చదివింది కాదు. తోడబుట్టిన ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని ఆ జబ్బులో ఫోలిక్ ఆమ్లం కొరత ఒక ముఖ్య లక్షణమని, అది ఇస్తే గుణం కనిపిస్తుందని తర్వాత తేలింది.

కథ ఇక్కడితో ముగిస్తే ఇదొక విటమిన్ చరిత్ర, అంతే. అసలు మలుపు ఒక పొరపాటులో ఉంది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు లెడర్లీ పంపిన ఫోలిక్ సమ్మేళనాలు ఇచ్చి చూశారు. రక్తానికి మంచిదైతే రక్తపు జబ్బుకూ మంచిదేనని ఆశ. జబ్బు తగ్గకపోగా మరింత ఉరకలేసినట్టు ఆయనకు అనిపించింది. ఇంకొకరైతే ఆ ఫైలు అక్కడే మూసేసేవారు. ఫార్బర్ దాన్ని తిరగేసి ఆలోచించారు: ఈ కణాలు ఫోలిక్ మీద బతుకుతుంటే, దాన్ని అందకుండా చేస్తే?

సుబ్బారావు బృందం చేతిలో అందుకు తగ్గ సరుకుంది. ఫోలిక్ ఆమ్లం రూపంలోనే ఉండి, దాని పని చేయనివి. మారుతాళంచెవిలా తాళంలో దూరుతుంది, తిరగదు. అసలు చెవికి చోటివ్వదు. అలాంటి అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. తగ్గుదల కొద్ది నెలలదే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా మందుతో పిల్లల తీవ్ర ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని తొలిసారి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్ కుటుంబంలోనిదే అయిన మెథోట్రెక్సేట్ తర్వాత ముందుకొచ్చింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లి, రాయ్ హెర్ట్జ్ దానితో మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను తగ్గించారు. కణితి కనిపించకపోయినా రక్తంలో అది వదిలే హార్మోను జాడ పోయేదాకా లి మందు ఆపలేదు. అది పై అధికారులకు నచ్చక ఆయన ఉద్యోగం పోయింది. ఆయన పట్టుదలే సరైనదని తర్వాత రుజువైంది.

ఇప్పుడు ఈ మందును ఎక్కువగా చూసేది కీళ్లవాతం రోగులే. 1951లోనే అమినోప్టెరిన్‌తో కీళ్ల నొప్పులు, సోరియాసిస్ తగ్గడం గమనించారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడకానికి అమెరికా అనుమతి వచ్చేసరికి 1988. వారానికి ఒక్కరోజే, తక్కువ మోతాదులో వేసుకోవాలి; రోజువారీ అనుకుని మింగితే ప్రాణం మీదకు వస్తుంది. నోటి పుండ్లు, వికారం రాకుండా మిగతా రోజుల్లో డాక్టర్లు ఇంకో చిన్న మాత్ర రాస్తారు. అది ఫోలిక్ ఆమ్లం.