బండి ఆగితే ఏసీకి కరెంటు ఎక్కడిది? రైలు ఐస్ గడ్డల నుంచి లారీ క్యాబిన్ దాకా

మే నెలలో రామగుండం, మంచిర్యాల ఎండ ఎట్లుంటదో మీకు నేను చెప్పక్కర్లేదు. అంత ఎండలో కూడా మంచిర్యాల స్టేషన్‌లో ఏసీ బోగీ ఎక్కితే దుప్పటి కప్పుకుంటాం. అదే టైంలో నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ పోయే లారీ డ్రైవర్ క్యాబిన్‌లో ఉడికిపోతుంటాడు. ఈ తేడా ఎట్లా వచ్చింది? ఈరోజు ఆ చరిత్ర మాట్లాడుకుందాం.

కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మీదుగా ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా ఆ ఏడాదే. అప్పటికి మన దేశంలో ఏ రైలుకీ ఏసీ లేదు. 1934లో బొంబాయి–పెషావర్ ఫ్రాంటియర్ మెయిల్‌కు చల్లని బోగీ వచ్చింది. అది కరెంటు ఏసీ కాదు. బోగీ కింద పెట్టెల్లో ఐస్ గడ్డలు పెట్టి, వాటి మీద నుంచి ఫ్యాన్‌తో గాలి పంపేవాళ్లు. ఐస్ కరిగితే దారిలో మళ్లీ నింపాల్సిందే.

తర్వాత చక్రమే కరెంటు ఇచ్చింది. బోగీ కింద ఇరుసుకు బెల్టు, ఆ బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్. ఒక ఏసీ బోగీకి సాధారణంగా 25 కిలోవాట్లవి రెండు ఉండేవి. రైలు ఆగితే? చక్రం తిరగదు, కరెంటు పుట్టదు. అందుకే ప్రతి బోగీ కింద 110 వోల్టుల పెద్ద బ్యాటరీ సెట్టు మోసుకుని తిరిగేవి.

1969లో వచ్చిన రాజధాని ఎక్స్‌ప్రెస్ ఇంకో దారి పట్టింది: రైలు మొత్తానికి డీజిల్ జనరేటర్లున్న పవర్ కార్. ఇప్పుడు చాలా రైళ్లకు అదీ నడపక్కర్లేదు. ఇంజను పై తీగ నుంచే కరెంటు తీసుకుని బోగీలకు పంపుతుంది. ఆ తీగకు కరెంటు గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ గ్రిడ్‌కు 1983 నుంచి కరెంటు పోస్తున్నవాటిలో మన రామగుండం ఎన్టీపీసీ కూడా ఉంది.

ఇక లారీ సంగతి. 2025 జూన్ 8 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. ప్రయాణికుడికి 1934లో దొరికిన చల్లదనం డ్రైవర్‌కు చట్టంగా రావడానికి 90 ఏళ్లు దాటింది!

వచ్చింది కదా, అయిపోయిందా? కాలేదు. లారీ ఏసీ కంప్రెసర్‌ను సాధారణంగా ఇంజను బెల్టే తిప్పుతుంది. మధ్యాహ్నం దాబా దగ్గర ఇంజను ఆపి పడుకుంటే ఏసీ కూడా ఆగుతుంది. బ్యాటరీతో నడుపుదామా? లెక్క చూడండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు కలిపితే 3,600 వాట్ అవర్, అంటే 3.6 యూనిట్లు. సగం వరకే వాడుకోవాలి, లేకపోతే బండి స్టార్ట్ కాదు. 1,000 వాట్లు తినే ఏసీ రెండు గంటలు కూడా నడవదు. వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చుకుని ఏసీ పెడదామనుకునేవాళ్లకూ ఇదే లెక్క. విడిగా పెద్ద బ్యాటరీ, చిన్న ఏసీ ఉంటేనే రాత్రి గడుస్తుంది.

రైల్వేవాళ్లు ఈ చిక్కు ఎప్పుడో విప్పారు. ఆగి ఉన్న ఏసీ బోగీకి బయటి నుంచి కరెంటు ఇచ్చే ప్లగ్ పెట్టారు. 44వ నంబర్ హైవే మీద లారీలు ఆగే ప్రతి చోటా అలాంటి ప్లగ్ ఎందుకు ఉండొద్దు? నిద్ర చాలని డ్రైవర్ రాత్రి స్టీరింగ్ పడితే, ఎదురుగా వచ్చేది మన బండే కావచ్చు.

ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.