తవుడు, సారా, మెదడు

1835లో మద్రాసులో బెరిబెరి మీద ఒక వైద్య గ్రంథం అచ్చయింది. రాసినవాడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్, మద్రాసు సైన్యంలో వైద్యుడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో కోస్తా పొడవునా ఉన్న పటాలాల్లో సిపాయిలు ఆ జబ్బుతో కూలిపోతున్న కాలమది. కాళ్లు మొద్దుబారేవి, ఒళ్లు నీరుపట్టేది, అడుగులు తడబడేవి, చివరికి ఊపిరాడక ప్రాణం పోయేది. పళ్లెంలోని అన్నం మీదికి అనుమానం పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1890లలో జావా దీవిలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ కోళ్లకు తెల్లగా పట్టించిన బియ్యం వేసి చూశాడు. అవి కాళ్లు పడిపోయి ఒరిగిపోయాయి. తవుడు కలిపి పెడితే లేచి తిరిగాయి.

తవుడులో ఏముందో తేల్చిన మనిషి పుట్టింది నెల్లూరులో. పేరు రాబర్ట్ రనెల్స్ విలియమ్స్. 1886లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టి, చిన్నతనంలో కొన్నేళ్లు తెలుగు నేల మీద గడిపాడు. రసాయనశాస్త్రం చదువుకుని మనీలాలో ప్రభుత్వ ప్రయోగశాలలో చేరాడు. 1910లో ఎడ్వర్డ్ వెడర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయం ఒక సీసాలో తెచ్చి, ఇందులో జబ్బు నయం చేసే పదార్థమేదో పట్టుకొమ్మన్నాడు. బెరిబెరితో చావు అంచున ఉన్న ఒక పసిబిడ్డ నోట్లో విలియమ్స్ ఆ కషాయం చుక్కలు చుక్కలుగా వేశాడు. కొన్ని గంటల్లోనే బిడ్డ తేరుకుంది. ఆ కళ్లెదుటి సంగతి అతన్ని జీవితాంతం వదల్లేదు.

పదార్థం చేతికి రావడానికి మాత్రం పాతికేళ్లు పట్టింది. అమెరికా తిరిగి వెళ్లి టెలిఫోన్ పరిశోధనలకు పేరుపడ్డ బెల్ ల్యాబ్స్‌లో రసాయన విభాగాన్ని నడుపుతూనే, తీరిక వేళల్లో ఇంటి దగ్గరా, తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ తవుడుతో కుస్తీపట్టాడు. టన్ను తవుడు శుద్ధిచేస్తే దక్కేది కొద్ది గ్రాముల స్ఫటికాలు. 1936లో దాని నిర్మాణం విప్పి, ప్రయోగశాలలో తయారుచేసి చూపాడు. అదే థయామిన్, మందుల షాపులో మనం బీ1 అని అడిగేది. దాని మీద వచ్చిన రాయల్టీలో పెద్ద భాగాన్ని పోషకాహార లోపాల మీద పోరాడే నిధికి మళ్లించాడు. ఇది చిన్న విషయం కాదు.

బీ1 లేకపోతే మెదడులో ఏం జరుగుతుందో అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తేలింది. అక్కడ రుడాల్ఫ్ పీటర్స్ పావురాలకు మరపట్టిన బియ్యమే పెట్టేవాడు. కొన్ని వారాలకు పావురం తల వెనక్కి విరుచుకుపోయి వీపుకు ఆనేది. ఆ మెదడు కణజాలాన్ని చిన్న గాజుపాత్రలో చక్కెరతో కలిపి, ఎంత ఆక్సిజన్ పీలుస్తుందో కొలిచేవాడు. బాగా తక్కువ పీల్చేది. అదే పాత్రలో లేశమంత బీ1 వేస్తే మళ్లీ పీల్చడం మొదలుపెట్టేది. కణాలు చచ్చిపోలేదన్నమాట, పొయ్యి నిండా కట్టెలున్నా నిప్పు అంటుకోని పరిస్థితి. చక్కెర సగం దారిలో ఆగిపోయి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతోంది. శరీరం బరువులో మెదడు రెండు శాతమే, ఖర్చుపెట్టే శక్తి మాత్రం సుమారు ఇరవై శాతం. కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుంది.

ఇక్కడే సారా కథ వచ్చి కలుస్తుంది. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే ముగ్గురు రోగుల గురించి రాశాడు. చూపు కదలదు, నడక నిలవదు, మనసు అయోమయం. ముగ్గురూ కొద్ది రోజుల్లోనే చనిపోయారు. వారిలో ఇద్దరు తాగుబోతులు. మూడో మనిషి బట్టలు కుట్టుకునే యువతి. గంధకామ్లం మింగి, ఏం తిన్నా వాంతి చేసుకుంటూ క్షీణించిపోయింది. 1887లో మాస్కోలో సెర్గేయ్ కోర్సకోవ్ తాగేవాళ్లలో జ్ఞాపకశక్తి పోవడాన్ని వర్ణించాడు. నిన్నటి సంగతి గుర్తుండదు, ఆ ఖాళీని రోగి లేని కథతో నింపుతాడు. ఇదంతా సారా విషమేనని వైద్యలోకం చాలాకాలం అనుకుంది. ఆ కుట్టుపని అమ్మాయి సాక్ష్యాన్ని పట్టించుకుని ఉంటే దారి ముందే దొరికేది.

ఆ సాక్ష్యానికి బలం యుద్ధఖైదీల శిబిరంలో చేకూరింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపానువారి వశమైంది. చాంగీ శిబిరంలో ఖైదీలకు తిండి అంటే ముఖ్యంగా పాలిష్ బియ్యమే. మద్యం లేదు. అయినా వారాల్లోనే వెర్నికే జబ్బు మొదలైంది. హ్యూ డి వార్డనర్, బెర్నార్డ్ లెనాక్స్ అనే వైద్యులు 52 కేసులు నమోదు చేశారు. ఆ కాగితాలు శత్రువు చేతిలో పడకుండా డబ్బాలో మూసి ఒక సమాధిలో పూడ్చిపెట్టారు. యుద్ధం ముగిశాక తవ్వితీసి, 1947లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మెదడును పడగొట్టింది బీ1 లోపమని అప్పుడు గట్టిగా రుజువైంది. సారాకు వచ్చేసరికి అది ఆ లోపాన్ని అన్ని వైపుల నుంచీ తెస్తుంది: తిండి తగ్గిస్తుంది, పేగు బీ1ను పీల్చుకోనివ్వదు, కాలేయంలో నిల్వ ఉండనివ్వదు. సారాకు తన సొంత విషం కూడా ఉంది, అది వేరే లెక్క.

బీ1 రాబర్ట్ తమ్ముడు రోజర్ విలియమ్స్ ప్రశ్నను తిరగేశాడు: లోపమే మనిషిని సారా వైపు తోస్తుందా? ఊటీలో 1893లో పుట్టి, పాంటోథెనిక్ ఆమ్లమనే మరో విటమిన్‌ను కనిపెట్టి పేరు తెచ్చుకున్న ఈయన, టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టించాడు: ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో సారా కలిపిన నీళ్లు. విటమిన్లు లోపించిన ఎలుకలు సారా వైపు ఎక్కువగా మొగ్గాయి. పోషణ లోపమే తాగుడుకు మూలం కావచ్చని 1949లో ప్రకటించాడు. మూడేళ్లకు యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చక్కెర నీళ్ల సీసాను మూడోదిగా చేర్చారు. ఎలుకలు సారాను వదిలి చక్కెర తాగాయి. వాటికి కావలసింది సత్తువే తప్ప మత్తు కాదని తేలింది. రోజర్ సిద్ధాంతం నిలవలేదు. అయినా తాగుడును కేవలం నీతితప్పిన పనిగా చూస్తున్న రోజుల్లో దాన్ని శరీర రసాయనంగా పరీక్షకు పెట్టిన ధైర్యం గొప్పది. టెక్సస్‌లోనే 1941లో ఆయన బృందం పాలకూర నుంచి ఫోలిక్ ఆసిడ్‌ను వేరుచేసింది. తాగేవాళ్లలో తరచూ కొరవడే విటమిన్ అది. కొన్నేళ్లకే దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు.

మన కోస్తాలో బెరిబెరి 1940లలోనూ ఉంది. కూనూరు ప్రయోగశాలలో వాలెస్ ఏక్రాయిడ్, ఆయన సహచరులు సర్కారు జిల్లాల్లో శిశు మరణాల మీద అప్పట్లో పరిశోధన చేశారు. తల్లికి బీ1 లేకపోతే పాలలోనూ ఉండదు. ఉప్పుడు బియ్యం తినే చోట్ల జబ్బు లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు బీ1 గింజలోపలికి ఇంకుతుంది. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

రాబర్ట్ పుట్టిన నెల్లూరు జిల్లాలోనే, 1990ల మొదట్లో, దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. మద్యం మాత్రం ఊళ్లలోంచి పోలేదు, దానితోపాటు వచ్చే మెదడు జబ్బూ పోలేదు. ఆస్ట్రేలియాలో 1991 నుంచి రొట్టె పిండిలో థయామిన్ కలపడం తప్పనిసరి చేశారు. సిడ్నీలో శవపరీక్షల్లో వెర్నికే జబ్బు ఆనవాళ్లు అంతకుముందు 2.1 శాతం మందిలో కనిపించేవి. తర్వాత 1.1 శాతానికి తగ్గాయి.

ఇంట్లో ఎక్కువగా తాగే మనిషి ఉండి, ఒకరోజు అడుగులు తడబడుతూ, చూపు ఒకచోట నిలవక, ఉన్నచోటు తెలియక మాట్లాడితే, మత్తు దిగితే అదే పోతుందని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సిగ్గుపడకుండా తాగుడు సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. గ్లూకోజ్ ఎక్కించమని అడిగే మనవాళ్లు బీ1 ఇంజెక్షన్ గురించి కూడా అడగాలి. అది గ్లూకోజ్‌కు ముందో, కనీసం దానితో పాటో పడాలి. బీ1 లేని మెదడుకు చక్కెర ఒక్కటే అందితే ఉన్న జబ్బు ముదిరే ప్రమాదం ఉంది.