ప్రోగ్రామింగు భాషల వివరణగ్రంథములందలి భగ్నసూచనలు

శాస్త్రగ్రంథమున ప్రతివిషయమును ప్రతిచోటను చెప్పుట సాధ్యము కాదు. ఒకచోట నిర్వచించి, తక్కినచోట్ల దానిని సూచించుట గ్రంథకర్తలకు పరిపాటి. బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదముతో ఆరంభమగుటకు కారణ మిదియే. అందు నిర్వచింపబడిన సంజ్ఞలు తరువాతి పరిచ్ఛేదములందు మరల వివరింపబడక వ్యవహరింపబడును. నిఘంటువులందలి “చూడుము” అను మాటయు నిట్టిదే. చూపినచోట ఆ పదము లేకున్నచో పాఠకుని శ్రమ వ్యర్థమగును. ఇట్టి సూచనను భగ్నసూచన యందము. ప్రోగ్రామింగు భాషల వివరణగ్రంథములందు ఈ దోష మెట్లు పుట్టినదో, ఎట్లు దాగియుండినదో, ఎట్లు సవరింపబడుచున్నదో పైథాను భాషను ప్రధానోదాహరణముగా గైకొని ఈ వ్యాసమున విచారింతును.

తొలినాటి భాషావివరణములు పరిమాణమున చిన్నవి. 1960లో పీటరు నౌర్ సంపాదకత్వమున వెలువడిన ఆల్గాల్ 60 నివేదికయందు సూచనలన్నియు ప్రకరణసంఖ్యలతో చేయబడినవి. తుదనున్న అకారాదిసూచియు ప్రకరణసంఖ్యలనే చూపును. అంత చిన్న గ్రంథమును ఒక సంపాదకుడు ఆద్యంతము చదివి సరిచూడవచ్చును. 1971 నవంబరులో వెలువడిన యూనిక్సు ప్రోగ్రామరుల కరదీపికయందు ప్రతి ప్రకరణమునకు తుదను “ఇవియు చూడుము” అను భాగము చేర్చబడినది. ఆ భాగమున కేవలము పేర్లు వ్రాయబడినవి. ఆ పేరుగల పుట నిజముగా నున్నదో లేదో చూచుభారము మనుష్యునిదే.

ఆ భారమును యంత్రమున కప్పగించుట తరువాతి దశ. 1984లో డొనాల్డు కనూత్ ప్రకటించిన “లిటరేట్ ప్రోగ్రామింగ్” అను వ్యాసమందు వివరింపబడిన వెబ్ పద్ధతిలో సూచికయు, పరస్పరసూచనలును యంత్రముచేతనే కూర్పబడును. లెస్లీ లాంపోర్టు నిర్మించిన లాటెక్ యందు రచయిత సంఖ్యకు బదులు ఒక గుర్తుపేరు వ్రాయును. యంత్రము మొదటిసారి ఆ పేర్లను సేకరించి, రెండవసారి సంఖ్యలను నింపును. పేరు దొరకనిచో ఆ స్థానమున రెండు ప్రశ్నార్థకములు ముద్రితమగును. దోషము పుటమీదనే కన్నులకు గట్టునట్లు చేసిన ఈ ఏర్పాటు గమనింపదగినది.

గీడో వాన్ రాస్సమ్ 1991 ఫిబ్రవరిలో తొలిసారి వెలువరించిన పైథాను భాషకు చిరకాలము లాటెక్ రూపముననే వివరణగ్రంథ ముండెను. 2007లో గేయార్గ్ బ్రాండల్ దానిని మఱియొక రూపమునకు మార్చుటకు పూనుకొని, అందులకై స్ఫింక్సు అను సాధనమును నిర్మించెను. ఆ సాధనము 2008 మార్చిలోను, ఆ రూపమున పైథాను 2.6 వివరణము అదే సంవత్సరము అక్టోబరులోను వెలువడినవి. ఇందు ఫంక్షను, క్లాసు, మెథడు, మాడ్యూలు అను వానికి వేఱువేఱు గుర్తులు గలవు. రచయిత ఇది ఫలానా ఫంక్షను పేరని గుర్తించినచో, ఆ ఫంక్షను వివరింపబడిన చోటికి సాధనమే లంకె గూర్చును. ప్రకరణముల వరుస మారినను సూచన చెడదు.

అయితే ఈ సౌకర్యమునందే ఒక లోపము దాగియుండెను. అట్టి పేరు ఎచ్చటను వివరింపబడకున్నచో స్ఫింక్సు సాధారణముగా మౌనము వహించును. పుటమీద ఆ పేరు తక్కిన పేర్లవలెనే కనబడును. లంకె మాత్ర ముండదు. రెండు ప్రశ్నార్థకములు లేవు, హెచ్చరికయు లేదు. పాఠకుడు తానే పొరబడితినని భ్రమించును. 2010లో వెలువడిన స్ఫింక్సు 1.0 నందు నిట్‌పికీ అను నిశితపరీక్షాపద్ధతి చేర్చబడినది. దానిని వాడినచో గమ్యములేని ప్రతిసూచనకును హెచ్చరిక వచ్చును. కాని వాడుట యైచ్ఛికము.

ఆ హెచ్చరికలను పరిశీలించినచో కారణములు ముత్తెఱగులని తేలును. మొదటిది, గమ్యమున్నను పేరు అసంపూర్ణముగా వ్రాయబడుట. “రీడ్” అను మెథడు అనేక క్లాసులకు గలదు. ఏ క్లాసునకు చెందినదో చెప్పనిదే యంత్రము గుర్తింపజాలదు. ఇచ్చట పూర్ణనామము వ్రాయుటయే సవరణ. రెండవది, ఆ వస్తువు భాషయందున్నను దానికి వివరణమే లేకుండుట. ఇచ్చట దోషము సూచనది కాదు, గ్రంథముది. లేని ప్రకరణమును వ్రాయుటయే సవరణ. మూడవది, లంకె యక్కఱలేని పేరునకు లంకెగుర్తు పెట్టుట. ఉదాహరణముగా చెప్పిన కల్పితనామములు, తొలగింపబడిన పాతపేర్లు ఇట్టివి. పేరునకు ముందు ఆశ్చర్యార్థకచిహ్న ముంచినచో సాధనము లంకె గూర్పదు, హెచ్చరింపదు.

వివాదాస్పదమైన దీ మూడవ సవరణయే. ఆ చిహ్నమును ఎచ్చట నుంచినను హెచ్చరిక యడగును. రెండవతెఱగు దోషమున కీ మందు వేసినచో లెక్క తగ్గునే గాని రోగము తగ్గదు. వివరణము లేని ఫంక్షను వివరణము లేకయే యుండును. లేదని చెప్పు ఏకైకసాక్షియు నోరు మూయబడును. పాఠపరిష్కర్త తనకు అర్థముకాని చోట గ్రంథపాతచిహ్నమును చెఱిపి పంక్తిని కలిపివేసినచో కలుగు నష్టము వంటిదే ఇది.

పైథాను వివరణమందు 2023లో ఈ పని క్రమబద్ధముగా సాగుట కొక యుపాయ మవలంబింపబడినది. హెచ్చరికలుగల దస్త్రముల పేర్లు ఒక పట్టికయందు చేర్చబడినవి. పట్టికలో లేని దస్త్రమున క్రొత్త హెచ్చరిక పుట్టినచో పరీక్ష విఫలమగును. ఇది సహజమే. విశేషమేమనగా, పట్టికలోని దస్త్రము పూర్తిగా బాగుపడినను పరీక్ష విఫలమగును. దాని పేరు పట్టికనుండి తొలగించిన పిమ్మటనే సఫలమగును. కావున ఒకసారి శుద్ధమైన దస్త్రము మరల చెడుటకు వీలులేదు. వేలకొలది దోషములను ఒక్కనాడు దిద్దుమనక, ఒక్కొక్క దస్త్రమును దిద్ది నిలుపుకొను మార్గ మిది.

ఇతరభాషలవారును ఇట్టి నిష్కర్షకే వచ్చిరి. 2014లో వెలువడిన జావా 8 నందు జావాడాక్ సాధనము గమ్యము దొరకని సూచనను దోషముగా నెంచి పని నిలుపసాగెను. రస్టు భాషయందు రచయితలు పుటల చిరునామాలను తామే వ్రాయుచుండిరి; 2020 నవంబరులో వెలువడిన 1.48 నుండి పేరు వ్రాసిన చాలును, దొరకనిచో సాధనమే హెచ్చరించును.

ఐనను యంత్రము పట్టజాలని దొకటి మిగిలియున్నది. పైథాను కోడెక్సు మాడ్యూలు వివరణమందు “ఓపెన్” అని మాత్రము వ్రాసినచో స్ఫింక్సు దానిని భాషలో అంతర్గతమైన ఓపెన్ ఫంక్షనుగా గ్రహించును. కోడెక్సు నందలి ఓపెన్ ఉద్దిష్టమైనచో పేరునకు ముందొక చుక్క యుంచవలెను. చుక్క మఱచినను లంకె యుండును, గమ్యముండును, హెచ్చరిక మాత్ర ముండదు. పాఠకుడు వేఱొక ఫంక్షనును చదివి, అదియే యిదియని నమ్మును. తెగిన సూచన పాఠకుని ఆపును. తప్పుసూచన అతనిని పెడత్రోవ పట్టించును.

దీనినిబట్టి తేలిన సారాంశ మిది. సూచన గమ్యమును చేరుచున్నదా లేదా యని యంత్రము చెప్పగలదు. ఎందుల కది చేరలేదో, చేరినచో చేరినది సరియైన గమ్యమో నిర్ణయించుట పరిష్కర్త పని. హెచ్చరికల సంఖ్య సున్న యగుట గ్రంథశుద్ధికి ఆరంభమే గాని ప్రమాణము కాదు. ప్రతి భగ్నసూచనను మాపుటకు ముందు అది దేనిని జూపదలచినదో విచారించుట మొదటి ధర్మము. ముద్రితనిఘంటువులను కంప్యూటరున కెక్కించు కార్యమున పాల్గొను మన విద్యార్థులకును ఈ వివేకము వర్తించును. “చూడుము” అనినచోట పదము దొరకనిచో ఆ మాటను తొలగించుట సులభము. లేని పదము ఎందులకు లేకపోయినదో వెదకుటయే పరిశోధన.