ఆత్మార్థక సర్వనామాలు: ఆంగ్ల వ్యాకరణాభ్యాసంలో ఒక చిన్న అధ్యాయం

ప్రభుత్వ కార్యాలయాలలో నిత్యం కనిపించే ఆంగ్ల వాక్యం ఒకటి కలదు: ‘ఐ అవైల్డ్ క్యాజువల్ లీవ్’. సెలవు వాడుకొన్నాను అని దాని తాత్పర్యం. ఈ వ్యాసకర్త ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలో ఒక వృద్ధ గుమాస్తా వ్రాసిన నోటులో ఈ వాక్యం రాగా, పై అధికారి దానికి ఎర్ర సిరాతో సున్న చుట్టి అందరి ఎదుట చదివి వినిపించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన తల వంచుకొని కాగితం తీసుకొని వెళ్ళిపోయారు. ఆ సాయంకాలం నిఘంటువు తిరగవేస్తే, ‘అవైల్’ అన్న క్రియకు ‘మైసెల్ఫ్’ అనే సర్వనామం, ఆపై ‘ఆఫ్’ అనే విభక్త్యర్థకం తోడు కావలెనని తెలిసింది. ఆ నెలలోనే నేను పెట్టుకొన్న దరఖాస్తులోనూ అదే వాక్యం ఉంది. దానికి మాత్రం ఎవరూ సున్న చుట్టలేదు.

ఇంతకూ ఈ ‘సెల్ఫ్’ ఆంగ్లేయులకైనా పుట్టుకతో వచ్చినది కాదు. ప్రాచీనాంగ్లంలో అది కేవలం నొక్కి చెప్పడానికి వాడిన పదం. ‘అతడు అతనిని చంపాడు’ అనే వాక్యానికి హత్య అనీ, ఆత్మహత్య అనీ రెండర్థాలూ చెల్లేవి, సందర్భమే శరణ్యం. మధ్యాంగ్ల కాలంలో సర్వనామమూ ‘సెల్ఫ్’ పదమూ క్రమంగా అతుక్కొని ఒకే మాట అయినవి. ఆ అతుకు కూడా సమంగా పడలేదు. మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, అవర్‌సెల్వ్స్ అనేవి షష్ఠీ రూపం మీద నిలిచాయి. హిమ్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్ ద్వితీయా రూపం మీద నిలిచాయి. హర్‌సెల్ఫ్ ఏ పక్షానిదో రూపాన్ని బట్టి చెప్పలేము. ‘హిజ్‌సెల్ఫ్’ అని వ్రాసే మన బాలుడు తర్కాన్ని అనుసరిస్తున్నాడు. తర్కాన్ని తప్పినది భాషయే. బహువచనంలో ‘యువర్‌సెల్వ్స్’ వేరుపడినది 16వ శతాబ్దిలో. 1611 నాటి బైబిలు అనువాదంలో సైతం ‘సెల్ఫ్’ లేని పాత పద్ధతి అక్కడక్కడ మిగిలే ఉంది.

కొన్ని క్రియలకు ఈ సర్వనామం తప్పనిసరి కావడానికి ఫ్రెంచి ప్రభావం ఒక ముఖ్య కారణం. యాబ్సెంట్, ఎంజాయ్ మొదలైనవి ఆ భాషలో ఆత్మార్థకాలుగా ఉండి, ఆ అలవాటుతోనే ఆంగ్లంలో ప్రవేశించాయి.

ఈ వ్యాకరణం మన దేశంలో జీవనోపాధికి ద్వారంగా మారిన క్రమం సుపరిచితమే. 1835లో మెకాలే నివేదిక వెలువడింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్, ఆంగ్ల విద్యావంతులకు ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అప్పటి నుండి ఒక సర్వనామం తప్పితే మార్కు పోతుంది, మార్కు పోతే కొలువు పోతుంది. 1907లో బొంబాయి సివిల్ సర్వీసుకు చెందిన విట్‌వర్త్ భారతీయుల ఆంగ్ల దోషాలను పరిశీలిస్తూ ఒక పుస్తకమే ప్రచురించాడు. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, ఆ తరువాత 1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణం తరతరాల విద్యార్థులచేత సూత్రాలు వల్లె వేయించాయి. దోషం ఎక్కడ ఉన్నదో అవి చెప్పాయి. ఎందుకు పుడుతున్నదో తెలియాలంటే మన భాషల వైపు చూడాలి.

సంస్కృతంలో ఆత్మనేపదం, పరస్మైపదం అనే విభాగం కలదు. ఋత్విక్కు పరుల కొరకు యజ్ఞం చేస్తే ‘యజతి’. యజమాని తన ఫలం కొరకు చేస్తే ‘యజతే’. తెలుగులో ఈ పని ‘కొను’ అనే చిన్న ధాతువు చేస్తుంది. వండాడు అంటే ఎవరికో; వండుకొన్నాడు అంటే తనకు. గడ్డం గీసుకొన్నాడు, చేయి కోసుకొన్నాడు అన్నప్పుడు ఆత్మార్థం క్రియ కడుపులోనే ఇమిడి ఉన్నది. కాబట్టి ‘సెలవు వాడుకొన్నాను’ అని మనసులో అనుకొని ‘అవైల్డ్’ అని వ్రాసేవానికి మరొక సర్వనామం కావలెనని తోచదు. ఆంగ్లంలో మాత్రం గడ్డం గీసుకోవడానికి సర్వనామం అక్కరలేదు, సెలవు వాడుకోవడానికి కావాలి! పైగా తలుపు మూసుకొన్నదని చెప్పేటప్పుడు మనవాడు ‘ఇట్‌సెల్ఫ్’ చేర్చే ప్రమాదం ఉన్నది. మన ‘కొను’ అక్కడ కూడా పలుకుతుంది మరి. మరొక చిక్కు: తెలుగు ‘తాను’ ప్రథమ పురుషకే పరిమితం. అయినా ‘తన పుస్తకం’, ‘అతని పుస్తకం’ అని అది చూపే భేదాన్ని ఆంగ్లంలోని ‘హిజ్’ చూపలేదు. ఈ ఒక్క చోట లోటు వారి వైపు ఉన్నది.

‘టుడే ఇట్‌సెల్ఫ్’, ‘హియర్ ఇట్‌సెల్ఫ్’ అన్న ప్రయోగాలది వేరు కథ. ‘ఈ రోజే’, ‘ఇక్కడే’ అనడంలోని ఏకారానికి ఆంగ్లంలో సరితూగే ప్రత్యయం లేక మనవారు ‘ఇట్‌సెల్ఫ్’ను ఆశ్రయించారు. హిందీ ‘హీ’ కూడా ఇందుకు తోడ్పడింది. తమిళంలో ‘తాన్’ అనే ఆత్మార్థక సర్వనామమే అవధారణార్థకంగానూ చెల్లుతుంది. ఆలోచిస్తే ప్రాచీనాంగ్లంలో ‘సెల్ఫ్’ చేసిన పనీ అదే. ‘మైసెల్ఫ్ రామారావు’ అనే పరిచయ వాక్యం కూడా ఇట్టిదే. ‘నేను రామారావును’ అనడానికి మనకు క్రియ అక్కరలేదు. ఐర్లండువారు కూడా ఇంటి యజమానిని ‘హిమ్‌సెల్ఫ్’ అని కర్తృస్థానంలో వ్యవహరిస్తారు. అది వారి గేలిక్ భాష ప్రభావం. ‘అవైల్ ఆఫ్’ అని సర్వనామం విడిచి వ్రాయడం వారిలోనూ ఉన్నది.

అయితే అన్ని చోట్లా ఉపేక్ష తగదు. ఉద్యోగులపై అభియోగ పత్రాలలో ‘వాజ్ యాబ్సెంట్’, ‘యాబ్సెంటెడ్ హిమ్‌సెల్ఫ్’ అనే రెండూ ఒకటేనన్నట్లు వాడుతుంటారు. మొదటిది అతడు రాలేదని మాత్రమే చెబుతుంది. రెండవది అతడు బుద్ధిపూర్వకంగా రాలేదని ఆరోపిస్తుంది. అనుమతి లేని గైర్హాజరు ఉద్దేశపూర్వకమని రుజువు కానిదే దుష్ప్రవర్తన కాజాలదని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిపై ‘హిమ్‌సెల్ఫ్’ అన్న ఒక్క మాట మోపే బరువు ఏపాటిదో ముసాయిదా వ్రాసేవారు గమనించడం అరుదు.

ఇప్పుడు నా బల్ల మీదకు ‘అవైల్డ్ లీవ్’ అన్న కాగితం వస్తే, పెన్సిలుతో అంచున రెండు మాటలు వ్రాసి, వ్రాసినవారిని లోపలికి పిలిచి చూపిస్తాను. అభియోగ పత్రం వచ్చిననాడు మాత్రం, ఆ సర్వనామం దగ్గర ఆగి, ఆ మనిషి ఎందుకు రాలేదో ముందుగా కనుక్కోమంటాను.