3.4 భారతదేశంలో సాధారణ కాన్సర్లు: మారుతున్న తీరు

కాన్సర్ సంపన్న దేశాల వ్యాధి అనే అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. దాన్ని పరీక్షించడానికి ఆసుపత్రి రికార్డులు చాలవు. ఆసుపత్రి దాకా రాలేని రోగి వాటిలో కనిపించడు. అందుకే ఒక ప్రాంత జనాభా మొత్తంలోని కేసులను నమోదు చేసే రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ కాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని చేపట్టింది.

కాన్సర్ తీరుకు జీవన విధానంతో ఉన్న సంబంధాన్ని గమనించండి. పొగాకు నమిలే అలవాటు వల్ల మన దేశంలో నోటి కాన్సర్ ఎక్కువ. ఉత్తర కోస్తాంధ్రలో అడ్డపొగ తాగే, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే స్త్రీలలో, ఇతరచోట్ల అరుదైన అంగిలి కాన్సర్ కనిపించింది. అడ్డపొగపై 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం 10,169 మంది గ్రామస్థుల అంగిలిని పరీక్షించారు.

నగర స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ తగ్గుతూ, రొమ్ము కాన్సర్ మొదటి స్థానానికి చేరింది. వివాహ వయస్సు పెరగడం, కాన్పులు తగ్గడం మొదటిదానిని తగ్గించాయి. ఆలస్యంగా తల్లులు కావడం, తక్కువమంది పిల్లలను కనడం రెండవదానిని పెంచాయి.

అయితే తొలి రిజిస్ట్రీలన్నీ నగరాలవే. గ్రామీణ రిజిస్ట్రీ మహారాష్ట్రలోని బార్శిలో 1987లో గానీ రాలేదు. నగరాల లెక్కలనే దేశం లెక్కలుగా తీసుకుంటే, గర్భాశయ ముఖద్వార కాన్సర్ ఇంకా ఎక్కువగా ఉన్న గ్రామీణ స్త్రీలకు అన్యాయం జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఆసుపత్రి రికార్డులకూ జనాభా ఆధారిత రిజిస్ట్రీకీ గల తేడా ఏమిటి?