కాలువ లెక్క, చదువు లెక్క

రొంపిచెర్ల పొలాలకి నీళ్ళు నాగార్జునసాగర్ కుడికాలువ నుంచి వస్తాయి. ఆ చుట్టుపక్కల డిగ్రీ, పీజీ చేసినవాళ్ళలో చాలామంది సర్టిఫికెట్ల మీద నాగార్జున యూనివర్సిటీ పేరుంటుంది. ఈ రెండింటికీ పేరే కాదు, పుట్టిన ఏడాది కూడా ఒకటే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. అదే ఏడాది ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరులో పీజీ సెంటర్ తెరిచింది. 1976లో ఆ సెంటరే నాగార్జున యూనివర్సిటీ అయింది.

రెండూ జనం డబ్బుతో వచ్చినవే. కానీ ఇవాళ "పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా?" అన్న ప్రశ్న ఎక్కువగా చదువుకే ఎదురవుతోంది. యూనివర్సిటీకి అయ్యే ఖర్చు ఒకవైపు, అక్కడ చదివినవాళ్ళ జీతాలు ఇంకోవైపు పెట్టి తూచడం మామూలైపోయింది. ఇంట్లోవాళ్ళు "ప్యాకేజీ ఎంత?" అని అడిగేదే పైవాళ్ళు కొంచెం పెద్ద మాటల్లో అడుగుతున్నారు.

నిజానికి మన దగ్గర ఈ తూకం మొదట కాలువల కోసం తయారైంది. 1832-33 నందన కరువులో గుంటూరు ప్రాంతంలో సుమారు 5 లక్షల మందిలో 2 లక్షల మంది చనిపోయారని అంచనా. తర్వాత 1852కి గోదావరి మీద, 1855కి కృష్ణ మీద ఆనకట్టలు వచ్చాయి. ఆర్థర్ కాటన్ తన దొరలకి కరువు గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు, నీటి మీద పెట్టిన రూపాయి శిస్తు రూపంలో ఎలా తిరిగొస్తుందో కూడా చెప్పాడు. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం సాగునీటి పనులకి ఒక పరీక్ష పెట్టింది. కట్టడం పూర్తయిన పదేళ్ళలో, నిర్వహణ ఖర్చులు పోను మిగిలిన ఆదాయం పెట్టుబడి మీద వడ్డీకి సరిపోవాలి. సరిపోతే అది "ఉత్పాదక" పని. డెల్టా కాలువలు ఈ పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గాయి. మెట్ట పల్నాడు మాత్రం బెజవాడ ఆనకట్ట తర్వాత ఇంకో 112 ఏళ్ళు ఎదురుచూసింది. దానికి వడ్డీ ఒక్కటే కారణమని అనను. కానీ వడ్డీతో కొలిచేచోట పల్లపు నేలే ముందుంటుంది.

1955లో మూడు సంగతులు జరిగాయి. డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఆంధ్ర రాష్ట్రం బెటర్‌మెంట్ లెవీ చట్టం చేసింది. అంటే కాలువ వల్ల పొలం విలువ పెరిగితే, ఆ పెరిగినదాంట్లో కొంత ప్రభుత్వానికి కట్టాలి. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసంలో చదువు గురించి ఇలాంటిదే రాశాడు: వృత్తి విద్యకి డబ్బు పెట్టినవాళ్ళు, చదివినవాడి భవిష్యత్ సంపాదనలో వాటా తీసుకోవచ్చని. ఒకచోట పొలం, ఒకచోట మనిషి. అంతే తేడా.

చదువుకి ఈ ఆలోచన తర్వాత తర్వాత బాగా పట్టుకుంది. ఆస్ట్రేలియా 1989లో, సంపాదన ఒక స్థాయి దాటాక ఫీజు తిరిగి కట్టే పద్ధతి తెచ్చింది. ఇంగ్లండ్‌లో 1998లో 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2012కి 9,000 దాకా వెళ్ళింది. మన దగ్గర 1991 సంస్కరణల వెనకాలే యూజీసీ వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ, యూనివర్సిటీలు తమ ఖర్చులో 15 శాతం సొంతంగా సంపాదించుకోవాలని, పదేళ్ళకి దాన్ని 25 శాతం చెయ్యాలని చెప్పింది. పొలం సంగతి వేరే. 1959లో పంజాబ్ రైతులు బెటర్‌మెంట్ లెవీ మీద పెద్ద పోరాటమే చేశారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ఇంకో దారి పట్టింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద డబ్బు కాలేజీని పోషించడానికి కాకుండా విద్యార్థి వెంట వెళ్ళింది, ఎక్కువగా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లోకి. నా బీటెక్ అలా అయిందే. ఏడాదికి 35,000 చొప్పున నాలుగేళ్ళకి 1,40,000. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా నేను కట్టిన ఇన్‌కమ్‌టాక్స్ అంతకన్నా ఎక్కువే. పాత దొరల లెక్కలో నేను "ఉత్పాదక" కాలువని.

ఈ లెక్క నాకు అనుకూలంగా వచ్చింది కాబట్టే దీన్ని అనుమానించాలి. నాగార్జునలో ఎం.ఏ. తెలుగు చేసి ఏదో జూనియర్ కాలేజీలో కాంట్రాక్ట్ మీద పాఠాలు చెప్పే ఆవిడ ఇందులో నష్టం పద్దు. ఆవిడ జీతం నిర్ణయించేది ప్రభుత్వమే. తక్కువ జీతం ఇచ్చేదీ వాళ్ళే, ఆ డిగ్రీకి రాబడి లేదనేదీ వాళ్ళే. పైగా నా జీతంలో నాకు లెక్కలు నేర్పిన మాస్టార్ల పని ఉంది. అది వాళ్ళ పే స్లిప్‌లో ఎప్పటికీ కనబడదు.

ఇంకో ఉదాహరణ సి.ఆర్. రావుగారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం పీజీ చేసి, ఉద్యోగం కోసం కలకత్తా దాకా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో ఆయన రాసిన పేపర్ స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్ళకీ ఇప్పుడు పాఠం. డిగ్రీ అయిన వెంటనే జీతం చూసే ఇప్పటి ప్లేస్‌మెంట్ పట్టికల్లో వాల్తేరు గణిత శాఖకి ఆ ఏడాది మార్కులు పడేవి కావు.

అవతలి వాదనలో బలం లేకపోలేదు. మిరప కోతలకి వెళ్ళే మనిషి సబ్బు మీద, సెల్ రీఛార్జి మీద కట్టే పన్నుతో నాలాంటివాళ్ళు చదువుకుని హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొనుక్కోవడం న్యాయమేనా? కాదు. అందుకే లాభపడినవాళ్ళ దగ్గర, లాభపడ్డాక, ఆదాయపు పన్నుగా గట్టిగానే వసూలు చెయ్యాలి. గేటు దగ్గర ఫీజు పెంచితే ముందు ఆగిపోయేది ఆ కోతల మనిషి కూతురే. రీయింబర్స్‌మెంట్ బకాయి పడినప్పుడల్లా కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తుంటే, ఆగిపోతున్నదీ అలాంటి పిల్లలే.

దొరల లెడ్జర్లో మనం మర్చిపోయిన రెండో గడి ఒకటుంది. వడ్డీ రాదని తెలిసినా, కరువు రాకుండా కాపాడతాయని కట్టే పనులకి "రక్షణ" పనులని వేరే పద్దు ఉండేది. 1901-03 నాటి ఇరిగేషన్ కమిషన్ అలాంటివి కట్టమని గట్టిగా చెప్పింది. శిస్తు కోసం పీడించిన పరాయి ప్రభుత్వం కూడా, కొన్నిటిని రాబడితో కొలవకూడదని కాగితం మీదైనా ఒప్పుకుంది. మనం సొంతంగా కట్టుకున్న యూనివర్సిటీల పద్దులో ఆ గడి లేదు. చరిత్ర, తెలుగు, గణితం లాంటి శాఖల్లో ఖాళీ పోస్టులు నింపాలా వద్దా అని అడిగినప్పుడు జవాబు ఆ గడిలో వెతకాలి. అది లేనంతకాలం చదువులోనూ డెల్టాకే నీళ్ళు పారతాయి, మెట్ట ఎదురుచూస్తూనే ఉంటుంది.